బావ కట్టిన తేనె పెట్టె

మా బావ గాజుసామాను కొట్టులో ప్యాకింగు పని చేస్తాడు. ఆ పని ఎవరూ నేర్పలేదు. మొదటి ఏడాది పగిలిన గ్లాసులే తన గురువులంటాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఆయన కట్టిన పెట్టెలో ఒక్కటీ పగల్లేదు. ఆయన లెక్కలో పెట్టెను ఊపితే చప్పుడు రాకూడదు, అంతే. కాస్త సందు కనిపించినా చేతికందింది కుక్కేస్తాడు.

వీధిలో ఎవరు విమానం ఎక్కినా ముందు బావ దగ్గరికే వస్తారు.

"నూనె, తేనె, షాంపూ చేతిసంచిలో వద్దమ్మా. వంద మిల్లీలీటర్లు దాటిన సీసా ఆపేస్తారు. పెద్ద పెట్టెలో పెట్టెయ్. కత్తెర, బ్లేడు కూడా అందులోకే. పవర్ బ్యాంకు మాత్రం చచ్చినా అందులో పెట్టకు, చేతిసంచిలోనే!"

ఇంత చెప్పేవాడు తను మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు.

ఎక్కే రోజు రానే వచ్చింది. సాయంత్రం దూరపు ఊళ్లో ఆయన చెల్లెలి పెళ్లి. ఆ రోజుకి అటువైపు ఒక్కటే విమానం. పొద్దున్నే రెండు పెద్ద తేనె సీసాలు పెట్టెలో సర్ది, తాడు చుట్టి పన్నెండు ముళ్లు వేశాడు. అక్కనీ బావనీ సాగనంపడానికి నేనూ సందర్శకుల టికెట్టు కొని విమానాశ్రయం లోపలిదాకా వెళ్లాను.

కౌంటరు పక్క యంత్రంలోకి పెట్టె ఇలా వెళ్లి అలా వెనక్కి వచ్చింది.

"ఇందులో పవర్ బ్యాంకుంది. తీసేయండి," అంది అక్కడి ఉద్యోగిని.

బావ నవ్వాడు. "నా పెట్టెలోనా? ఊరందరికీ చెప్పేవాణ్ణమ్మా నేను."

"ఏమండీ," అంది అక్క గొంతు తగ్గించి. "పొద్దున సీసాల మధ్య ఏదో కుక్కారే, ఏంటది?"

బావ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ సందులో సరిగ్గా ఇమిడే వస్తువు ఇంట్లో బల్ల మీద అదొక్కటే ఉంది మరి!

"పది నిమిషాల్లో కౌంటరు మూసేస్తాం," అంటూ ఉద్యోగిని కత్తెర తీసింది.

"కోయొద్దు! తాడు ముక్కలైతే మళ్లీ దేంతో కట్టను?"

"పెళ్లికి వెళ్లాల్సింది తాడా, మీరా?" అక్క అరిచింది.

నేనో ముడి పట్టాను, అక్కో ముడి పట్టింది, బావ పళ్లకి పని చెప్పాడు. "ఎవడు కట్టాడ్రా ఇంత గట్టిగా!" అని తనని తానే తిట్టుకున్నాడు. ఉద్యోగిని నవ్వాపుకోలేక తనూ ఓ ముడి అందుకుంది.

పవర్ బ్యాంకు అక్క సంచిలోకి చేరేసరికి మూడు నిమిషాలు మిగిలాయి. బావ పెట్టె ఊపాడు. సీసాలు ఠంగుమన్నాయి.

"ఇలా పంపితే తేనంతా మన బట్టలే తాగుతాయి!"

"బావా, టైము!"

ఆయన చూపు అక్క సంచిలోని బన్నుల పొట్లం మీద వాలింది.

"అది నా టిఫినండీ!"

"మెత్తగా ఉంది కదే!"

పొట్లం సందులోకి దిగింది. ఊపాడు. చప్పుడు లేదు. నాలుగే నాలుగు ముళ్లు వేసి బెల్టు మీదకు తోశాడు. వెనకే కౌంటరు మూతపడింది.

ఇద్దరూ చేతులు పట్టుకుని బడి వదిలిన పిల్లల్లా లోపలికి పరుగెత్తారు. కాసేపటికి అక్క ఫోను చేసింది. మాటకంటే నవ్వే ఎక్కువ వినిపించింది.

"ఎక్కేశాం రా! మా ఆడపడుచుకి కూడా చెప్పేశాం, ముహూర్తానికి ముందే ఉంటామని. ఆకలేస్తోందంటే మీ బావ ఏమన్నారో తెలుసా? పెళ్లి భోజనం రెండు విస్తళ్లలో తిందువుగాని అన్నారు!"