పడమటి దిబ్బ మీద మనోళ్లు

మొన్న మా పాత ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రెటరీ సారు ఫోన్ చేశాడు. నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో ఆటల మాస్టర్ని. అప్పుడే పిల్లల చేత గ్రౌండు చుట్టూ పరుగు తీయిస్తున్నాను. పేరు చూసి ఎత్తకూడదనే అనుకున్నాను. చెయ్యి ఊరుకోలేదు.

"ఏం తమ్మీ, మస్తు దినాలాయె. జర సాయం చెయ్యాలె నువ్వు. గంత పెద్ద గ్యాలరీ కట్టినం, కుర్సీలన్ని ఖాళీగుంటున్నయి. జనమెందుకు వస్తలేరో సమజైతలేదు. ఈసారి డీజే పెడుతున్నం. వచ్చినోళ్లకు టోపీలిస్తున్నం. మీ తండా దిక్కు జర చెప్పరాదు?"

సమజైతలేదట! నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. పిల్లలు ఉన్నారు కాబట్టి మర్యాదగా "చూస్త సార్" అని పెట్టేశాను. ఆయనకు చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

రైల్వే బోర్డు మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ మా నోట అది మానుకోటే. మా ఫుట్‌బాల్ క్లబ్బు గ్రౌండు ఊరి చివర, ఎప్పుడో ఆరిపోయిన ఇటుక బట్టీల పక్కన ఉంది. బట్టీలవాళ్లు తవ్విపోసిన మట్టి పడమటి వైపు పెద్ద దిబ్బయింది. ఊళ్లో జనానికి అది మట్టి దిబ్బ. మా తండావాళ్లకు అదే కూర్చునే చోటు. మా తండా బయ్యారం దిక్కు ఉంటుంది. ఆట ఉన్న రోజు ట్రాక్టర్ ట్రాలీ నిండా వచ్చేవాళ్లు. దారిలోని ఎర్రదుమ్మంతా బట్టల మీదే ఉండేది. ఆ రంగు చూసే ఊరివాళ్లు "బయ్యారం బండొచ్చింది, ఇగ చప్పుడు చూడుండ్రి" అనేవాళ్లు.

వాళ్లు పడమటి వైపే ఎందుకు కూర్చున్నారంటే, మా ఆటలు ఎండ వాలాక మొదలవుతాయి. దిబ్బ మీద కూర్చుంటే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, గ్రౌండంతా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తూర్పు వైపు కూర్చున్నవాడికి సూర్యుడు తప్ప ఇంకేమీ కనబడదు. దీనికేమీ చదువు అక్కరలేదు, పొలంలో ఒక్క పూట నిలబడ్డ ఎవరికైనా తెలుస్తుంది. మొదట వచ్చినవాళ్లు కాబట్టి మంచి చోటు చూసుకున్నారు. తర్వాత మా కుర్రాళ్లు గడ్డపారలు తెచ్చి దిబ్బకు మెట్లు చెక్కారు, వానకు జారకుండా ట్రాలీతో మొరం తెచ్చి పోశారు. మా క్లబ్బు చరిత్రలో మొట్టమొదటి గ్యాలరీ అదే. కొబ్బరికాయ కొట్టలేదు కాబట్టి ఎవరికీ గుర్తులేదు.

యాడి, అంటే మా భాషలో అమ్మ, ఆ దిబ్బ మీదే ఫుట్‌బాల్ నేర్చుకుంది. నేర్చుకుంది అంటే ఆమె పద్ధతిలో. గోలీని, అంటే గోల్‌కీపర్ని, చూసి మొదటి రోజే కోపం వచ్చింది. "అందరు ఉరుకుతుంటె గీయనొక్కడు పని చెయ్యకుంట నిలవడ్డడేంది?" అని గట్టిగా అడిగింది. అక్కడున్న జనం పడీపడీ నవ్వారు. మా గోలీ పాత బజారులో వెల్డింగు షాపు నడిపే ముస్లిం కుర్రాడు. గోలు విడిచి దిబ్బ దగ్గరికి వచ్చి, "నా డ్యూటీ గిదే అవ్వా, నేనురికితె మన కొంప మునుగుతది" అని దండం పెట్టాడు. అప్పటినుంచి ఆమెకు వాడంటే ప్రాణం. ఆఫ్‌సైడు ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరకు తనే ఒక అర్థం చెప్పుకుంది: "బంతి రాకముందే పోయి బంతిల కూసునుడు." పెళ్లి భోజనాల దగ్గర అలా చేసేవాళ్లంటే ఆమెకు మొదటినుంచీ పడదు. అందుకే మావాళ్లకు ఆఫ్‌సైడ్ ఇచ్చినా రెఫరీ వైపే మాట్లాడేది.

ఇంట్లో మేం మా భాషే మాట్లాడుకుంటాం. ఆట ముచ్చట వస్తే మాత్రం యాడి తెలుగులోకి దిగేది, ఎందుకంటే ఆట మాటలన్నీ ఆమె దిబ్బ మీద ఊరివాళ్ల దగ్గరే నేర్చుకుంది. అందులో మొదటి మాట "మనోళ్లు". నేను వేరే ఊళ్లో ఆడటానికి వెళ్లి తిరిగి వస్తే, నేను గోలు కొట్టానా, దెబ్బ తగిలిందా అని కాదు, ముందు అదే అడిగేది. "మనోళ్లు గెలిసిన్రా?"

తెలుగులో రెండు మాటలున్నాయి. "మా" అంటే వినేవాడు బయట నిలబడతాడు. "మన" అంటే వినేవాణ్ణి కూడా చెయ్యి పట్టి లోపలికి తెచ్చుకుంటాం. చిన్న తేడా. బడిలో ఎవరూ నేర్పరు, నేర్పకుండానే వస్తుంది. ఎవరు ఎప్పుడు ఏది అంటున్నారో వింటుంటే చాలు, మనం లోపలున్నామో బయటున్నామో తెలిసిపోతుంది.

గ్రౌండు పెద్దది చేయాలి, గ్యాలరీ కట్టాలి అన్న మాట వచ్చినప్పుడు సెక్రెటరీ సారు మా తండాకు వచ్చాడు. ఆయనకు ఊళ్లో సిమెంటు దుకాణం ఉంది. గ్యాలరీకి సిమెంటు ఎక్కడినుంచి వచ్చిందో నన్ను అడగకండి. మా ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని, యాడి ఇచ్చిన చాయ తాగుతూ చెప్పాడు.

"చూడుండ్రి, జనమున్నరని చూపిస్తెనే గ్యాలరీ మంజూరైతది. ఆఫీసర్లొచ్చే రోజు మనోళ్లంత రావాలె. మన క్లబ్బు, మన గ్రౌండు, మన గ్యాలరీ. ఆడోళ్లు మన అద్దాల రవికెలు, లంగాలు ఏసుకొని రావాలె. ఫోటోల మస్తు కనవడ్తది."

"ఆటకా సారూ, పెండ్లికా?" అంది యాడి.

అందరం నవ్వాం. సారు కూడా నవ్వాడు. అప్పుడు యాడి నవ్వు ఆపి అసలు మాట అడిగింది.

"మరి గ్యాలరీ కడితె మేం యాడ కూసోవాలె?"

"గదేం ముచ్చట అవ్వా? ఇప్పుడు కూసున్న కాడ్నే. పైన రేకులేస్తం. మనమంత నీడకు కూసుంటం."

మనమంత. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

పత్తి ఏరే రోజులవి. కూలి మానుకుని రెండు ట్రాలీల జనం వచ్చారు. నిజానికి ఆ బట్టలు ఇప్పుడు ముసలివాళ్లే కడతారు, కోడళ్లు చీరల్లోకి వచ్చి చాలా కాలమైంది. ఆ రోజు పెట్టెలు తెరిచి, అత్తల బట్టలు అడిగి తెచ్చుకుని మరీ వచ్చారు. అద్దాలు ఎండకు మెరిశాయి, కెమెరాలు మెరిశాయి. ఆఫీసర్లు "ఇంత అభిమానమా!" అని ముచ్చటపడ్డారు. గ్యాలరీ మంజూరైంది.

దిబ్బను ఒక్క పూటలో చదును చేశారు. మా కుర్రాళ్లు చెక్కిన మెట్లు జేసీబీ బకెట్లో ఎత్తుకుపోతుంటే నేను అక్కడే ఉన్నాను. బాధనిపించలేదు, అబద్ధం ఎందుకు? మట్టి పోయి సిమెంటు వస్తోందని సంతోషపడ్డాను.

గ్యాలరీ పని సాగుతుండగానే యాడికి కళ్ల ఆపరేషన్ అయింది. రెండు కళ్లలోనూ పొర వచ్చి ఉందని, ముందే రావాల్సిందని దవాఖానలో అన్నారు. అప్పుడు బయటపడ్డ సంగతి ఏమిటంటే, అన్ని సీజన్లూ దిబ్బ మీద గొంతు చించుకున్న మనిషికి ఆట సరిగ్గా కనిపించనే లేదు. పక్కవాళ్లు లేస్తే లేచేది, అరిస్తే అరిచేది. "నువ్వు ఎర్ర బనీనుల ఒక మచ్చ లెక్క కనవడేటోనివి" అంది. కట్టు విప్పాక నా మొహం చూసి "గింత నల్లగైనవేంది బిడ్డా?" అని ఏడ్చింది, నవ్వింది. తర్వాత ఆమెకు ఒకటే కోరిక. నేను ఆడుతుంటే ఒక్కసారి కళ్లారా చూడాలి. నా మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. ఆ సీజన్‌తో ఆపేస్తానని అందరికీ చెప్పేశాను. కొత్త గ్యాలరీ తెరిచాక జరిగే మొదటి ఆటే నా చివరి ఆట. ఇద్దరికీ కలిసొచ్చిందనుకున్నాం. డాక్టరు నల్లద్దాలు ఇచ్చి, ఎండకు ఎదురుగా చూడొద్దని గట్టిగా చెప్పాడు. "గ్యాలరీకి రేకులున్నయి, నీడనే కూసుంటం" అని యాడి డాక్టరుకే ధైర్యం చెప్పింది.

ఆ రోజు భూపాలపల్లి టీమ్ వచ్చింది. బొగ్గు బావుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, గట్టి కాళ్లు. నేను బూట్లు కట్టుకుంటుంటే మా గోలీ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడి మొహం బాగాలేదు.

"అవ్వోళ్లను గేటు కాడ ఆపిన్రు భాయ్. పాసులుంటెనే అంటున్నరు."

ఉరికాను. పడమటి వైపు కొత్త గేటు ముందు మావాళ్లంతా ఎర్రదుమ్ముతో నిలబడి ఉన్నారు. బ్యాడ్జీ పెట్టుకున్న ఒకతను "పాసు లేనోళ్లు తూర్పు గేటుకు పోవాలె" అని పదేపదే చెబుతున్నాడు. రేకుల కింద క్లబ్బు మెంబర్ల కుటుంబాలు, చందాలిచ్చినవాళ్లు, ఆఫీసర్లు, భూపాలపల్లి అతిథులు కూర్చున్నారు. సగం కుర్సీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అందరికీ పైన, ఈ చివరినుంచి ఆ చివరికి పెద్ద ఫ్లెక్సీ. అందులో అద్దాల రవికెలో నవ్వుతున్నది మా యాడి.

సెక్రెటరీ సారును పట్టుకున్నాను. ఆయన పూలదండల పనిలో ఉన్నాడు.

"లొల్లి చెయ్యకు తమ్మీ. పెద్ద పెద్దోళ్లొచ్చిన్రు. మీవోళ్లకు అవుతలి దిక్కు మెట్లు కట్టినం గదా. జర సర్దుకోమను మీవోళ్లను."

మీవోళ్లు! ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే అని నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఆయనను కొట్టాలనిపించింది. జెర్సీ విప్పి మొహాన కొట్టి వెళ్లిపోదామనుకున్నాను. కానీ యాడి చూస్తానన్నది ఆ జెర్సీలో ఉన్న నన్నే. అందుకని ఆగాను.

గోలీ నాకంటే ముందే యాడి దగ్గరికి వెళ్లాడు. ఆ గేటు, ఆ ఇనుప జాలీ, అన్నీ వాడి చేతి వెల్డింగే. "కొల్తలు ఆళ్లిచ్చిన్రు, నేను అతికిచ్చిన. గిందుకని నాకేమెరుక?" అని నాతో చాలాసార్లు అన్నాడు తర్వాత. అప్పుడు మాత్రం నెమ్మదిగా, "అవ్వా, పక్క తలుపు నేను తీస్త. నువ్వొక్కదానివి రా, నీడకు కూసో. నీ కండ్లకు మంచిది కాదు ఎండ" అన్నాడు.

యాడి జాలీని చూసింది, లోపల ఖాళీ కుర్సీలను చూసింది. నల్లద్దాలు సర్దుకుంది.

"నేనొక్కదాన్నెట్ల వస్త బిడ్డా? మనోళ్లంత ఈడున్నరు."

అని తూర్పు వైపు నడిచింది. వెనక మావాళ్లంతా నడిచారు.

ఆట మొదలైంది. తూర్పు వైపు నీడ లేని సిమెంటు మెట్లు, పొద్దంతా కాలి ఉన్నాయి. ఎదురుగా సూర్యుడు. మొదట్లో చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని చూశారు. ఆడవాళ్లు కొంగు మొహం మీదికి లాక్కున్నారు. నేను బంతి దొరికినప్పుడల్లా అటు చూశాను, ఆటలో అలా చూడకూడదని తెలిసి కూడా. కొంతసేపటికి యాడి నల్లద్దాల వెనక చేత్తో కళ్లు తుడుచుకోవడం కనిపించింది. ఆట సగం దాటాక మళ్లీ చూస్తే మావాళ్లంతా గ్రౌండుకు వీపు తిప్పి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. నడుమ యాడి వీపు.

చివర్లో ఎడమ పక్కనుంచి బంతి తీసుకుని ఉరికాను. మోకాలు మండిపోతోంది. లోపలికి కొట్టిన బంతిని మావాడొకడు తలతో నెట్టాడు. గోలు! ఒకప్పుడైతే దిబ్బ లేచి నిలబడేది, అరుపుకు రైలు కూత వినబడేది కాదు. రేకుల కింద చప్పట్లు మర్యాదగా మోగి ఆగిపోయాయి. తూర్పున ఎవరూ తిరగలేదు. సెక్రెటరీ సారు గీత దగ్గరికి వచ్చి నన్నే అడిగాడు, "ఏంది తమ్మీ, మీవోళ్ల చప్పుడు లేదేంది ఇయ్యాల?"

ఆ తర్వాత తండా నుంచి ట్రాలీ రాలేదు. ట్రాలీ రాకపోతే చప్పుడు లేదు. చప్పుడు లేని ఆటకు ఊరివాళ్లూ మెల్లగా మానుకున్నారు. ఇల్లు అలకగానే పండగ అవుతుందా? గ్యాలరీ కడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారనుకున్నారు. ఇప్పుడు టోపీలు పంచుతారట, డీజే పెడతారట. పెట్టుకోనీ. సారు ఫోన్ గురించి నేను తండాలో ఎవరికీ చెప్పలేదు, చెప్పను.

ఆ రోజు సన్మానం అయ్యేదాకా నన్ను కదలనివ్వలేదు. శాలువా కప్పారు. మావాళ్ల ట్రాక్టర్ అప్పటికే వెళ్లిపోయింది. ఆటో పట్టుకుని తండా చేరేసరికి పొద్దు గూకింది. యాడి పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేస్తోంది. నల్లద్దాలు తీసి గూట్లో పెట్టింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నా చేతిలో శాలువా చూసింది. రొట్టె తిప్పింది, కంచంలో వేసి నా ముందు పెట్టింది. తర్వాత, ఎప్పటిలాగే, తెలుగులో అడిగింది.

"మీవోళ్లు గెలిసిన్రా?"

"గెలిసినం" అనే మాట నోటిదాకా వచ్చింది.

"గెలిసిన్రు" అన్నాను.