ఆముదం రాసిన బూట్లు

పెనుకొండ గుట్టల్లో గొర్రెలు కాసే యశోద కాళ్లకు ఎప్పుడూ ఫుట్‌బాల్ బూట్లే. తోలు గట్టిపడకుండా రోజూ మాపున వాటికి ఆముదం రాస్తుంది. గొర్రె దారి తప్పితే అరవదు. ఎడమకాలితో రాయి తన్ని సరిగ్గా దాని ముందర పడేస్తుంది. జాతీయ మహిళల లీగులో ఆడే జట్టొకటి ఆమెను ఎంచుకుని మూడేళ్లయింది. ఏటా "వచ్చే ఏడు" అనే కబురే.

నిన్న హిందూపురం నుంచి కోచ్ మేడం ఫోన్ చేసింది. "ఆ జట్టునే ఎత్తేసినారమ్మా." "ఇంకో జట్టు యాడన్నా ఉండాదా మేడం? గోల్‌కీపర్‌గానైనా నిలబడతా." "నీకిప్పుడు వయసెంత?" "ఇరవైతొమ్మిది." "సరే, కనుక్కుంటాలేమ్మా" అని మేడం ఫోన్ పెట్టేసింది. ఈ పొద్దున యశోద బూట్లు తెచ్చి నాయన హనుమప్ప ముందర పెట్టింది. "నువ్వేసుకో నాయనా, ముండ్లు గుచ్చుకోవు." ఆయన వాటిని తిప్పి తిప్పి చూసి, ఆముదం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "నిన్న మాపున రాయలేదే పాపా."