ఒకటో నంబరు గొట్టం

కాలువ కట్టేసి నీళ్ళు ఆపిన నాలుగో రోజుకు ఒక వాసన మొదలవుతుంది. ఎండుతున్న నాచు, కుళ్ళిన గుర్రపుడెక్క, పగుళ్ళివ్వబోతున్న బురద, వీటన్నిటి వెనక నుంచి సన్నగా సబ్బు. మొన్న ఏప్రిల్‌లో రాజమండ్రి నుంచి నిడదవోలు వెళ్తుంటే, కాలువ వంతెన మీదకు రాగానే బస్సులో అందరూ కొంగో రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నా పక్క సీటు పెద్దమనిషి, "ఛీ, మనుషులేనా వీళ్ళు?" అన్నారు. వీళ్ళంటే ఎవరో ఆయన చెప్పలేదు. నేను కిటికీ అద్దం మరికాస్త తీశాను. అప్పుడు ఆయన నన్ను చూసిన చూపుకు నేను తగినవాణ్ణే. కానీ ఆ వాసన వస్తే నాకు గొడుగు పట్టుకున్న ఒక మనిషి గుర్తొస్తారు. లస్కరు యేసుపాదం గారు.

లస్కరంటే కాలువ గట్టు కాపలాదారు. గట్టు వెంట నడుస్తూ, లాకు తలుపులు ఎత్తుతూ దించుతూ, గండి పడకుండా, చెట్టు పోకుండా చూసే ఇరిగేషన్ మనిషి. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి నిడదవోలు అవతల ఒక చిన్న ఊళ్ళో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరేనాటికి ఆయన ముప్పై ఏళ్ళుగా అదే గట్టు మీద రోజూ ఎనిమిది మైళ్ళు నడుస్తున్నారు. మైళ్ళే. ప్రభుత్వం కిలోమీటర్లకు మారిన సంగతి ఆయన కాళ్ళకు ఎవరూ చెప్పలేదు. హోదాలో ఆయన నా కింద. మిగతా విషయాల్లో ఎవరు ఎవరి కిందో తేలడానికి నాకు ఏడాది పైన పట్టింది.

నేను చేరింది వేసవిలో, మరమ్మతుల కోసం డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేసే నెలలో. గట్టు మీద నిలబడి నోటుబుక్కు తీశాను. ఆయన గొడుగు మడిచి, "పైనించి చూత్తే ఏం తెలవదండి. దిగండి," అన్నారు. దిగాను. మూడో అడుగుకే కొత్త షూ ఒకటి బురదలో ఉండిపోయింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు.

"వదిలేయండి బాబూ. ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు కట్టేసినప్పుడు దొరుకుద్ది."

"అంతవరకూ నేనేం చెయ్యాలి?"

"ఎడందాన్ని జాగ్రత్తగా ఉంచుకోండి."

పొద్దున్నే ఆయన మొదటి పని పొగలు లెక్కపెట్టడం. గట్టు మీద గుడిసెల్లో పొయ్యిలు వెలిగించే వేళకు లాకు దగ్గర నిలబడి, వేలితో గాలిలో గీతలు గీస్తున్నట్టు లెక్కపెట్టేవారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు మూడు పొగలట. నేను చేరేనాటికి నలభై ఒకటి. గోదావరి కోసుకుపోయిన లంకల నుంచి కొందరొచ్చారు. వరిచేలు చేపల చెరువులయ్యాక కూలి పోయినవాళ్ళు కొందరొచ్చారు. ఆ తరవాత బయటి నుంచి ఎవరూ రానక్కర్లేకపోయింది. కొడుకులకు పెళ్ళిళ్ళయ్యాయి, ఒక్కో పొయ్యీ రెండయింది. గట్టు మీది తుమ్మలూ నిద్రగన్నేర్లూ ముందు ఎండుపుల్లలిచ్చాయి, తరవాత కొమ్మలిచ్చాయి, చివరికి మొదళ్ళిచ్చాయి. చెట్లు పోయినచోట గట్టు జారడం మొదలెట్టింది. "ఒకణ్ణి గొడ్డలితో పట్టుకుని తిట్టానండి. ఆడి పెళ్ళాం నన్ను లోపలికి పిలిచి గ్యాసుబండ చూపిచ్చింది. ఖాళీది. దానిమీద పిల్లని కూకోబెట్టి అన్నం పెడతంది. ఇంకేం తిడతాం?" అన్నారు ఒకసారి. అయినా మర్నాడు వెళ్ళి ఆ గొడ్డలి మాత్రం పట్టుకొచ్చేశారు.

మూడు పొగల నాటి నుంచీ ఉన్నది నూకరత్నం. నేను కొత్త ఇంజనీరు ఉత్సాహంలో ఆమెను అడిగాను: "మీరిలా పెరిగిపోతే గట్టేం కావాలి?"

ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "మీ అమ్మకి ఎంతమంది బాబూ?"

"ఇద్దరం."

"ఇద్దరూ బతికారా?"

"బతికాం."

"మీ అమ్మకి ముందే తెల్సేమో. నాకు తెలవలేదు. ఏడుగుర్ని కంటే నలుగురు మిగిలారు."

కాలేజీలో పర్యావరణం పేపర్లో ఒక ప్రశ్న వచ్చేది, పేదరికం, జనాభా పెరుగుదల పర్యావరణాన్ని ఎలా దెబ్బతీస్తాయని. ఐదు మార్కులు. ఐదు పాయింట్లు, ఒక బొమ్మ వేస్తే నాలుగున్నర ఇచ్చారు. పోయిన అర మార్కు సంగతి నాకు ఆ చేట ముందు నిలబడినప్పుడు మొదటిసారి గుర్తొచ్చింది.

ఆ ఏడే దిగువ ఊళ్ళో పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఆ ఊరి మంచినీళ్ళ చెరువు నిండేది మా కాలువతోనే. కాలువను కలుషితం చేస్తున్న ఆక్రమణల జాబితా వారంలో పంపమని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జాబితాలో ఉన్నవి తీసేస్తారన్నమాట. నేను నలభై ఒక్క గుడిసెలూ రాయడానికి టేపు తీసుకుని బయలుదేరాను.

"ఆక్రమణలు రాయమన్నారా, కలుషితం రాయమన్నారా అండి?" అన్నారు యేసుపాదం.

"రెండూ ఒకటేగా."

"అయితే దిగుదాం పదండి."

ఎగువ చివర నుంచి మొదలుపెట్టాం. నీళ్ళున్నప్పుడు కనిపించని గొట్టాలన్నీ ఎండుగట్టులోంచి తలలు బయటపెట్టి ఉన్నాయి. మొదటిదాని కింద తెల్లటి నురగ.

"ఇదెవరిది?"

"మీదేనండి. మన క్వార్టర్సుది. పొద్దున్న తలంటుకున్నారా? షాంపూ వాసనొత్తంది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "రాయండి. ఒకటో నంబరు."

తరవాత కల్యాణ మండపం, దాని వెనక నడుంలోతు ప్లాస్టిక్ గ్లాసుల గుట్ట. రైస్ మిల్లు. నర్సింగ్ హోమ్. హోటళ్ళు. ఊరి పెద్ద మురుగుకాలువ దగ్గర ఆయన కాస్త గౌరవంగా ఆగారు. గుడిసెల దగ్గరికి వచ్చేసరికి పదిహేడో నంబరు. అక్కడ నా పెన్ను ఆగింది.

"మరుగుదొడ్లు లేవని రాయండి. అంతా కాలవలోకేనని రాయండి."

"పాపం, వాళ్ళు..."

"పాపం అని రాయకండి బాబూ. ఉన్నది రాయండి. పైన పదహారూ ఉన్నాయి, ఇదీ ఉంది."

పైన పదహారు ఉండగా నలభై ఒక్క ఇళ్ళు నిలబడతాయని ఆ రాత చూసుకుని నేను నిజంగానే అనుకున్నాను. జాబితా పంపిన రెండో రోజు పెద్ద ఇంజనీరు గారు పిలిపించారు. "ఏమయ్యా, ఒకటో నంబరు నువ్వేనా?"

"అవునండి."

"జోకా?"

"కాదండి." జన్మలో మొదటిసారి జోకు వెయ్యకుండా తిట్లు తిన్నాను.

"పదిహేడోదాన్ని ఒకటి చెయ్యి. మిగతావి వేరే లెటర్ పెట్టు, చూద్దాం."

అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొత్త జాబితా పావుగంటలో టైపు చేశాను. నా సర్వీసులో అంత చురుగ్గా ఇంకే పనీ జరగలేదు. ఆ వేరే లెటరును ఇప్పటికీ చూస్తున్నారనుకుంటాను.

గుడిసెలు కూల్చే యంత్రం వచ్చిన రోజు పొద్దున నూకరత్నం తన ఇంటి తాటాకు తనే విప్పుకుంది. మనవడి భార్య ఒక చంకలో పిల్లనీ, మరో చేత్తో ఆ ఖాళీ గ్యాసుబండనీ పట్టుకుంది. మురుగునీళ్ళు పారే కోడు అవతల పల్లపు నేలలో స్థలాలిచ్చారు.

"అక్కడ చెట్లున్నాయా?" అంది నూకరత్నం.

"లేవమ్మా," అన్నారు యేసుపాదం.

"మరి పొయ్యిలోకి?"

ఆయన నా వైపు చూశారు. నేను టేపు మీద అంకెలు చదువుకున్నాను.

ఆ తరవాత ఏడాదిపాటు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "చిత్తమండి" అనేవారు, అది ఇంకా కష్టంగా ఉండేది. పొద్దున్నే లాకు దగ్గర అదే చోట అంతసేపూ నిలబడేవారు. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. వేలు మాత్రం లేచి, మళ్ళీ గొడుగు పిడి మీదకు వచ్చేది.

మళ్ళీ వేసవి వచ్చింది, కాలువ కట్టేశారు. నాలుగో రోజు వాసన వచ్చింది, ఏమాత్రం తగ్గకుండా. దిగువ ఊళ్ళో పిల్లలు ఆ ఏడూ పడకేశారు. ఆ సాయంత్రం యేసుపాదం న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లంతో మా క్వార్టర్సుకు వచ్చారు. విప్పితే నా షూ.

"కుడిదండి. ఎడంది ఉందా?"

"ఉంది."

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "ఒకటో నంబరు ఇంకా పారతందండి."

"మిగతావి నా చేతిలో లేవు, యేసుపాదం గారూ." ఆయన పేరు చివర గారు పెట్టడం అదే మొదలు.

"మిగతావాటి సంగతి నేనడిగానా అండి?"

మర్నాడు పెరట్లో ఇంకుడు గుంత తవ్వించాను. రాళ్ళు ఆయనే ఎంచి తెచ్చారు. గొట్టం నోట్లో సిమెంటు కూరి, గుంతలో ఒక బకెట్టు నీళ్ళు పోసి, అవి ఇంకేదాకా ఇద్దరం నిలబడ్డాం. కొంచెం సేపు పట్టింది. ఆ జూన్‌లో ఆయన రిటైరై సామర్లకోటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. తరవాత కొన్నేళ్ళకు పోయారని ఫోనొచ్చింది. నేను వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయి, చర్చి వెనక మట్టి మీద పూలు వాడుతున్నాయి. గొడుగు ఏమైందని కూతుర్ని అడగాలనిపించి, బాగుండదని ఊరుకున్నాను.

ఈపాటికి ఆరు ఊళ్ళు మారాను. ఏ ఊరెళ్ళినా సామాను దించకముందే ఇంటి వెనక్కి వెళ్ళి, స్నానాలగది నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూస్తాను. "ఆయన గొట్టం చూసుకుని వస్తారు, మీరు బీరువా దించండి," అంటుంది మా ఆవిడ లారీవాళ్ళతో. దీనివల్ల గోదావరి బాగుపడిందని నాకు భ్రమ లేదు. ఆ పదహారింటి జాబితా మాత్రం ప్రతి వేసవిలోనూ పంపుతాను, ఒకటో నంబరు ఎదురుగా మూసేశామని రాసి. నూకరత్నం వాళ్ళ గుడిసెలున్నచోట ఇప్పుడు సిమెంటు బెంచీలున్నాయి. వాటి మీద సాయంత్రాలు పెద్దలు కూర్చుని కాలువ ఎందుకు కంపు కొడుతోందో చర్చించుకుంటారు.

బస్సు వంతెన దిగింది. పక్కనున్న పెద్దమనిషి రుమాలు తీసి, "ఎవరండీ ఇలా చేసేది?" అన్నారు మళ్ళీ, ఈసారి నన్నే చూస్తూ.

"ఒకటో నంబరు నేనేనండి," అన్నాను.

ఆయన సంచీ తీసుకుని ముందుకెళ్ళి కూర్చున్నారు. నిడదవోలు దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది.