ఖాదర్ సాబ్ సంతకం

ఈ ఉదయం మా వీధి మలుపులో ఎవరో చెత్తకుప్పకు నిప్పు పెట్టారు. తడిసిన అట్టలు, ప్లాస్టిక్కు కలిసి కాలే ఆ వాసన కిటికీలోంచి రాగానే నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. జగిత్యాలలో కూర్చున్నవాణ్ని షార్జా వెనక ఎడారిలోకి, ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్లిపోయాను.

ఎనభైల మొదట్లో అక్కడ ఒక కంపెనీ చెత్త పూడ్చే మైదానం నడిపేది. నేను టైపిస్టును. కడప నుంచి వచ్చిన ఖాదర్ సాబ్ సైటు సూపర్‌వైజరు. ఏడాదికోసారి బలదియా, అంటే అక్కడి మునిసిపాలిటీ, లైసెన్సు రెన్యువల్ చేయాలి. ఏ రోజు చెత్తను ఆ రోజే ఇసుకతో కప్పాలి, కాల్చకూడదు, దగ్గర్లోని బావి నీళ్లు పరీక్ష చేయించాలి అని షరతులు. ఆ ఫారాల కోసం నాకు అరబిక్ అంకెలు నేర్పింది ఆయనే. ఇసుక మీద వేలితో రాసి చూపేవారు. తప్పు రాస్తే కోప్పడకుండా అరచేత్తో చెరిపి, "మళ్లా రాయి అబ్బీ" అనేవారు.

ఆ ఏడు బుల్డోజర్ చెడిపోయి మూడు వారాలు మూలపడింది. చెత్త గుట్టలుగా పేరుకుపోయింది, ఒకసారి అంటుకుంది కూడా. సరిగ్గా అప్పుడే రెన్యువల్ గడువు వచ్చింది. మా మేనేజరును ముదీర్ అనేవాళ్లం. ఆయన చెప్పినట్టే "ప్రతిరోజూ కప్పాము" అని టైపు చేసి ఖాదర్ సాబ్ సంతకానికి తీసుకెళ్లాను.

"కప్పింది నువ్వు చూసినావా అబ్బీ?"

"ముదీర్ రాయమన్నడు సాబ్. లైసెన్సు రాకుంటే ఖలాస్, అందరం ఇంటికే పోతం."

ఆయన నన్ను జీపులో ఎక్కించుకుని ఆ బావి దగ్గరికి తీసుకెళ్లారు. మేకలు కాచుకునే అరబ్బు ముసలాయన ఒకడు మమ్మల్ని అతిథులనుకుని, నీళ్లు చేది రేకు గిన్నెలో ఇచ్చాడు. ఖాదర్ సాబ్ రెండు చేతులా అందుకుని తాగారు. నా చెయ్యి లేవలేదు.

"నువ్వు తాగలేకపోతాండావు," అన్నారు మెల్లగా తెలుగులో. "ఈయన రోజూ తాగుతాడబ్బీ. మనల్ని నమ్మి."

తిరిగొచ్చి టైపు మిషన్లో కొత్త ఫారం పెట్టించారు. ఎన్ని రోజులు కప్పలేదో, ఎందుకో, మంట ఎప్పుడు లేచిందో అన్నీ చెప్పి రాయించి, గడువు కోరుతూ సంతకం చేశారు. బలదియా ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. చివరికి నెల రోజులిచ్చాడు. అద్దె బుల్డోజర్ వచ్చేదాకా అందరం పారలతో ఇసుక ఎత్తిపోశాం. బావి నీళ్లు బాగానే ఉన్నాయని పరీక్షలో తేలింది. లైసెన్సు వచ్చింది. ముదీర్ మాత్రం ఖాదర్ సాబ్ కాంట్రాక్టు పొడిగించలేదు.

విమానాశ్రయంలో నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "మీ ఉద్యోగాలు నిలబడినాయి కదా, ఇంకేం కావల్ల? నెలకోసారి ఆ పెద్దాయన బాయికాడికి పోయి చూసి రా."

నేనున్నన్నాళ్లూ వెళ్లాను.

ఇప్పుడు మా కాలనీ సంఘానికి కార్యదర్శిని. మోరీలో పూడిక తీశామనో, పైపు వేశామనో కాగితం వస్తే ముందు చెప్పులేసుకుని వెళ్లి చూసి వస్తాను. "చెప్తే నమ్మరా ఏంది?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. చెప్పినవాళ్ల మీద అనుమానంతో కాదు. నా సంతకాన్ని నమ్మేవాళ్లు ఎవరో నాకు తెలియదు గనుక వెళ్తాను.