ఆదిమూలం మద్దెల, లోకేష్ దాణా

సత్యవేడు చుట్టుపక్కల ముప్పైతొమ్మిది భారతాలకు మద్దెల వాయించిన మనిషి ఆదిమూలం ఒక్కడే. భారతమంటే ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు హరికథ, నాటకం. ఈ లెక్క ఎవరైనా అడిగితే చెప్పడు, అడక్కముందే చెబుతాడు. చదివింది అయిదో తరగతి. అది కూడా క్లాసులో ఫస్టున పాసయ్యానంటాడు. ద్రౌపది వేషగాడు పద్యం మరిచిపోతే, గుర్తొచ్చేదాకా మద్దెల మీదే నాటకాన్ని నడిపించానంటాడు. అందుకు తడ ఊరివాళ్ళు శాలువా కప్పారంటాడు. ఆ శాలువా ఇప్పుడు దూడ కింద ఉందని మాత్రం అనడు.

అలాంటి ఆదిమూలం వాకిట్లోకి ఒక మంగళవారం మధ్యాహ్నం లోకేష్ వచ్చాడు. తిరుపతి కుర్రాడు, పశువుల దాణా కంపెనీలో మార్కెటింగు. మూడు వారాలుగా ఆటోకు మైకు కట్టించి ఊరూరా తిరుగుతున్నాడు. మైకులో ఒక ఆడగొంతు పాలధారల గురించి గుక్క తిప్పుకోకుండా పాడుతుంది. ఆ పాటకు కుక్కలు గొంతు కలిపాయిగానీ దాణా కొన్నవాళ్ళు లేరు. శనివారంలోగా ఈ ఊళ్ళో పది ఇళ్ళయినా పట్టకపోతే సోమవారం నుంచి రావద్దని మేనేజరు చెప్పేశాడు.

"తాతా, నువ్వు వాయిస్తే రికార్డు చేసుకుంటా. మన మోత వింటే జనం వస్తారు."

"వాయిస్తా. ముప్పైతొమ్మిది భారతాలకు..."

"తెలుసు తాతా, గేటు కాడే సెప్పినావు."

అప్పటికే గిరి వచ్చి అరుగెక్కాడు. పొద్దున పాలసెంటర్లో పాలు పోయించుకుంటాడు, ఈ ఏడు ద్రౌపది వేషం. మీసం మాత్రం తీయనని భీష్మించుకున్నాడు. ఆదిమూలం లోకేష్ చేతికి కంచు తాళాలిచ్చాడు.

"నా మద్దెలకు తాళం కావాల. ముందు ఇవి కొట్టు. గిరిగాడు పద్యం ఆపినాక కొట్టాల."

గిరి పద్యం ఎత్తుకుని, ఒకచోట ఆగాడు. లోకేష్ టంగుమని కొట్టాడు.

"నీ తొందర పాడుగాను! ఆడు ఆపినాడా? ఊపిరి తీసుకుంటాండాడు. భుజాలు సూడు. భుజాలు పైకి లేసినాయంటే లోపల ఇంకా ఉండాది. అసలైన ముక్క అదే."

మళ్ళీ మొదలుపెట్టారు. లోకేష్ మళ్ళీ ముందే కొట్టాడు. ఏడోసారికి గిరి చీర లేని ద్రౌపదిలాగే ఏడుపుమొహం పెట్టాడు. "అప్పా, నన్ను పద్యం పూర్తి సేయనీయప్పా. దుశ్శాసనుడే నీకంటే నయం."

పదోసారికి లోకేష్ ఆగాడు. గిరి భుజాలు లేచాయి, దిగాయి, చివరి పాదం వచ్చింది. అప్పుడు పడింది తాళం.

"అద్దీ!" అన్నాడు ఆదిమూలం, తానే పాడినట్టు.

అంతలో ఆయన భార్య పంకజాక్షి గడ్డిమోపు తెచ్చి వాకిట్లో దింపింది. లోకేష్ చొక్కా మీది కంపెనీ బొమ్మను చూసింది.

"మీ దాణా మంచిదే నాయనా. అప్పుడెప్పుడో ఒక మూట తెచ్చినాం. ఆవు బాగానే తినింది."

ఆగింది. లోకేష్ నోరు తెరిచాడు. ఇరవై రకాల ఖనిజాలు నాలుక చివరే ఉన్నాయి. ఆమె భుజాలు కాస్త పైకి లేవడం కనబడింది. నోరు మూసుకున్నాడు.

"మా ఆవంటే అట్లాంటిట్లాంటిది కాదు" అని ఆదిమూలం అందుకోబోయాడు. లోకేష్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ళీ యాడ తేగలం?" అంది పంకజాక్షి. "యాభై కిలోల మూట. రోడ్డు మీదే దించేసి పోతారు. దొడ్లోకి మోసేదెవరు? ఈయన చేతులు మద్దెలకే పుట్టినాయంట, మూట తగిలితే పాడైపోతాయంట."

"నిజమేబ్బా" అన్నాడు గిరి. "నా సెంటరుకు పాలు తెచ్చేదంతా ఆడోళ్ళే. దాణా మోసేదీ వాళ్ళే."

"ఎంతైతే మోస్తావవ్వా?"

"పదైదు కిలోలైతే సంకనేసుకోని పోతా."

"ఈ మాట ముందే ఎవరికైనా సెప్పినావా?"

"ఈయనకు మూడు నెల్లనించి సెప్తానే ఉండా."

ఆదిమూలం ఉన్నట్టుండి మద్దెల వార్లు బిగించడంలో మునిగిపోయాడు.

లోకేష్ ఆ సాయంత్రమే చిత్తూరు గోడౌనుకు పోయి మేనేజరును బతిమాలాడు. దూడల దాణాకు తెచ్చిన చిన్న సంచులు మూల పడి ఉన్నాయి. పెద్ద మూటలు విప్పి వాటిల్లో నింపించాడు. శుక్రవారం పొద్దున పాలసెంటరు ముందు మైకు లేని ఆటో ఆగింది. లోకేష్ దాణా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వచ్చినవాళ్ళు చెప్పుకున్నదంతా విని, సంచి చేతికిచ్చాడు. శనివారానికి పద్నాలుగు ఇళ్ళు. మొదటి సంచి పంకజాక్షిది.

ఆదిమూలం ఆటో చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నా మోత యాడరా?"

"యాడ పెట్టేది తాతా? మైకే తీసేసినా గదా."

రెండు పూటలు అలిగాడు. మూడో పూటకు అరుగెక్కి, దారిన పోయేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టాడు. ముప్పైతొమ్మిది భారతాలయ్యాక కొత్త ఘనత చేరింది: దాణా కంపెనీవాడికి వినడం నేర్పించినా.

దొడ్లోంచి పంకజాక్షి కేకేసింది. "ఏమయ్యా, దూడ కట్టు తెంచుకునింది..." ఇంకా ఏదో చెప్పబోతూ ఊపిరి తీసుకుంది.

ఆదిమూలం అప్పటికే తన కథలో తడ శాలువా దాకా వచ్చేశాడు.