ఆరో నంబరు మంచంలో ఇంకొకడు

కరోనా తగ్గుముఖం పట్టిన తర్వాతి వానాకాలంలో నన్ను సూరత్‌లోని బమ్రోలికి ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా వేశారు. తాగుడు మానుతున్న కార్మికుల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ గ్రాంటుతో నడిపే పది మంచాల ఇల్లు అది. ఆ ఏడాది వాన ఎంతగా కురిసిందంటే మా ఫైళ్లకు నాచు పట్టింది, ఒక ఫైల్లో కప్ప కాపురం కూడా పెట్టింది. కప్ప సంగతి మా ఆవిడ నమ్మదు. మిగతాదంతా నమ్మవచ్చు.

అలాంటి ఇల్లు ఎందుకో చెప్పాలి. గుజరాత్‌లో మద్యనిషేధం. అయినా పొట్లీల్లో, అంటే చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, నాటుసారా దొరుకుతుంది. ఆస్పత్రిలో నెల రోజులు చికిత్స పొందిన మనిషి తిరిగి వెళ్లేది కార్మికుల పేట లింబాయత్‌లోని తన పాత గదికే. పన్నెండు మంది ఉండే ఆ గదిలోకి పొట్లీ కూడా రోజూ వస్తుంది. అందుకని చికిత్సకూ ఆ గదికీ మధ్య ఆరు నెలలు వేరే చోట ఉండడానికి ప్రభుత్వం అద్దె భరించేది. ఒక్కో మంచానికి ఒక పేరు, ఒక వేలిముద్ర. తనిఖీ అధికారి ముందుగా చెప్పకుండా వస్తారు. ఒకరి పేరుతో మరొకరు ఉన్నట్టు తేలితే ఆ మంచం రద్దవుతుంది.

ఆ ఇంటిని తలచుకుంటే ఇప్పటికీ ముక్కుకు మిషన్ ఆయిల్ వాసన తగులుతుంది. బనియన్ల మీద దారపు నూగు, మెట్ల కింద చెప్పుల గుట్ట, ఆదివారం జొన్నరొట్టెలు కాల్చే వంతు గురించి తగాదా. సాయంత్రాలు అందరూ చుట్టూ చేరితే నేను తాపీ వరదలో కొట్టుకొచ్చిన మొసలి కథ చెప్పేవాణ్ని.

“సారూ, నిన్న మొసలి మూడు గజాలే ఉండె. ఇయ్యాల ఐదైంది. ఏం పెడుతున్నరు దానికి?” అనేవాడు సాయన్న.

సాయన్నది జగిత్యాల పక్క ఊరు. నలభై ఏళ్లుంటాయి. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పగటి పాళీలో, అంటే పగటి షిఫ్టులో, పనిచేసేవాడు. తాగుడు మానేసి నాలుగు నెలలు దాటింది. ఆరు నెలలు పూర్తిచేసినవాళ్లకు మా ఇంటి నుంచి ఒక ధ్రువపత్రం ఇచ్చేవాళ్లం. అది చూపిస్తేనే సూరత్ వచ్చి కాపురం చేస్తానని ఆయన భార్య లచ్చవ్వ షరతు పెట్టింది. ఆయన గోడమీది క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ ఉండేవాడు.

ఒక మంగళవారం పొద్దున పదింటికి తనిఖీ అధికారి వచ్చారు. నడివయసు గుజరాతీ మేడమ్, మాట తక్కువ. ఆరో నంబరు మంచంలో ఒకతను గోడవైపు తిరిగి గురకపెడుతున్నాడు. ఆ మంచం సాయన్నది. సాయన్నేమో కార్ఖానాలో ఉన్నాడు. చూడగానే నాకు అర్థమైంది. సాంచెల మీద పన్నెండు గంటల పాళీలు కాబట్టి పగలు పనిచేసేవాడూ, రాత్రి పనిచేసేవాడూ ఒకే పరుపు పంచుకోవడం అక్కడి అలవాటు. ఆ పరుపు ఎప్పుడూ చల్లబడదు. సాయన్న తన పాత పరుపు జోడీని పగటిపూట ఇక్కడ పడుకోబెట్టాడు.

ఇతనే సాయన్న, ఒంట్లో బాగాలేక పనికి పోలేదు అని మేడమ్‌కు చెప్పాను. అక్కడ ఆగలేదు. జ్వరం ఎన్ని డిగ్రీలు, కషాయంలో ఏమేం వేశాం, చూసిన డాక్టరు మీసం ఎంత పొడుగు అన్నీ వర్ణించాను. మీసం తప్ప అన్నీ ఆమె రాసుకున్నారు. ఈలోగా మంచంలో మనిషి లేచి కూర్చున్నాడు.

“నేను సాయన్న గాదు సారూ. మల్లేశం. బంద్ జేసి పదకొండు దినాలైంది. గదిల పంటే చెయ్యి పొట్లీ దిక్కే పోతాంది.”

పేరు వేరని గ్రహించి మేడమ్ సాయన్నను పిలిపించారు. తలనిండా నూగుతో వచ్చి నిలబడ్డాడు.

“మంచం పొద్దంత ఖాళీగుంటది మేడమ్. ఆడ పంటే వాడు మళ్ల తాగుతడు. అందుకే పండవెట్టిన.”

ఆ మాటల్ని ఏమీ కలపకుండా హిందీలో చెప్పాను. నా సర్వీసులో అదొక విశేషం. ఇద్దరి చేతా పరీక్ష యంత్రంలోకి ఊదించారు. ఇద్దరిలోనూ మద్యం జాడ లేదు. అప్పుడు మేడమ్ తనిఖీ ఫారం నాలుగో పేజీ తిప్పి ఒక గడి మీద వేలు పెట్టారు. అతిథి అనే గడి. మూడు రోజుల దాకా కోఆర్డినేటర్ సంతకంతో అతిథిని ఉంచుకోవచ్చు. అతను ఎవరో మొదటే చెప్పి ఉంటే అక్కడ నా సంతకం తీసుకుని వెళ్లిపోయేదాన్ననీ, ఇప్పుడిది ఒకరి పేరుతో ఇంకొకరు ఉండడం కిందికి వస్తుందనీ, రాసిన పేజీ చింపడం తనవల్ల కాదనీ హిందీలో అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆరో నంబరు మంచం రద్దయింది.

సాయన్న పెట్టె సర్దుకుంటుంటే పక్కన నిలబడ్డాను.

“పోనియ్ సారూ,” అన్నాడు. “జర చిన్న కథ చెప్తే అయిపోవు.”

ధ్రువపత్రం ఇచ్చే అవకాశం లేదు. నేనే లచ్చవ్వకు ఫోన్ చేసి, మంచం పోయింది ఆయన తాగినందుకు కాదనీ, నేను చెప్పిన అబద్ధం వల్లననీ వివరించాను. ఆమె అంతా విన్నది.

“మీ కథలు ఆయన రోజు చెప్తుండె సారూ. మీ మాట నేనెట్ల నమ్మాలె?”

జిల్లా ఆఫీసుకు వెళ్లి తనిఖీ నివేదిక నకలు కోసం దరఖాస్తు పెట్టాను. గుజరాతీలో ఉన్న ఆ పేజీని తెలుగులో రాసి రెండూ కలిపి పంపాను. అందులో రెండు విషయాలు ఉన్నాయి: సాయన్న మద్యం తాగలేదు, కోఆర్డినేటర్ అసత్యం చెప్పాడు. నాకు మందలింపు వచ్చింది ఆ పేజీతోనే. లచ్చవ్వ నమ్మిందీ ఆ పేజీనే. దసరా వెళ్లాక సూరత్ వచ్చింది. లింబాయత్‌లోనే ఇద్దరూ వేరే గది తీసుకున్నారు. మల్లేశం రెండుసార్లు మళ్లీ తాగుడులోకి జారి, మూడోసారి చికిత్సకు చేరి, మరుసటి ఏడు తన పేరుమీదే మా ఇంట్లో మంచం తెచ్చుకున్నాడు.

మోకాళ్లు మొరాయించి యాభై మూడేళ్లకే ఉద్యోగం మానుకునేదాకా చాలా తనిఖీలు చూశాను. అధికారి వచ్చినప్పుడు ముందు ఫారంలోని గడులన్నీ చదివేవాణ్ని, ఆ తర్వాతే నోరు తెరిచేవాణ్ని. ప్రభుత్వ నియమాల్లో మనుషులకు మనం అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువ చోటే ఉంటుంది. ఆ రోజు దాన్ని నేను చదవలేదు.