గులాబీ రంగు వచ్చిన డ్రమ్ము

ల్యాబులో అందరికీ ఆమె పిన్ని. ఇరవై ఆరేళ్ళుగా సీసాలు కడుగుతోంది. కడిగినదాన్ని వెలుతురుకెత్తి చూస్తుంది. గాజు మీద ఒక్క చుక్క నిలిచినా పని మళ్ళీ మొదటికే.

డాక్టరమ్మది తల దెబ్బల పరిశోధన. మెదడులో కాపలా కణాలుంటాయట. దెబ్బ తగలగానే రెచ్చిపోయి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వదులుతాయట. అది మితిమీరితే పక్కనున్న మంచి కణాలకూ మూడినట్టే. వాయువు క్షణాల్లో మాయమవుతుంది, ఆనవాలు మాత్రం ద్రవంలో మిగులుతుంది. దానిలో పరీక్ష మందు చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. పరీక్ష పళ్ళెంలో దెబ్బ ఎరుగని కణాలున్న గుంటల్లో రంగు రాకూడదు.

ఆ సోమవారం పళ్ళెంలోని గుంటలన్నీ గులాబీ అయ్యాయి.

“పిన్నీ, సీసాలు కడిగారా, నీళ్ళు చూపించి పెట్టేశారా?”

“నా చేతి సీసాకి ఇంత రంగా అమ్మా?”

“మరి ఆకాశం నుంచి ఊడిపడిందా? ఆ కడిగే మెషీనే తెప్పించమంటాను పెద్దసారుని.”

మెషీన్ బొమ్మలున్న కాగితం నెల రోజులుగా పెద్దసారు బల్ల మీదే ఉంది. అది వస్తే పిన్ని ఇంటిదారి పట్టాల్సిందే.

పళ్ళెం వైపు మళ్ళీ చూసింది. ఒక సీసా మురికైతే ఒక వరుస చెడుతుంది. అన్నీ ఒకేలా చెడ్డాయంటే అన్నిటిలో కలిసినదేదో చెడింది.

తను కడిగిన రెండు గాజు గొట్టాలు తెచ్చింది. ఒకదాన్లో అప్పుడే మూత తీసిన సీసాలోని శుద్ధి నీళ్ళు, రెండోదాన్లో మూలనున్న డ్రమ్ములోవి, అన్ని ద్రవాలూ కలపడానికి వాడేవి పోసింది.

“రెంటిలోనూ మీ మందు వేయండి.”

పది నిమిషాలకు మొదటిది నీళ్ళలాగే ఉంది. రెండోది సిగ్గుపడ్డట్టు గులాబీ అయింది.

డాక్టరమ్మ డ్రమ్ము మూత తీసి లోపలి అంచు తడిమింది. వేలు జర్రున జారింది.

“క్రిములు పట్టాయి. ఈ ఆనవాలు అవి చేసిందే.”

“సెలవులకు ముందు పారబోస్తానన్నాను. ఇన్ని శుద్ధి నీళ్ళు వృథా చేస్తారా, ఉంచండి అన్నదెవరో?”

“నేనే.”

“దెబ్బ తగిలితే పక్కవాళ్ళ మీద పడటం మీ కణాలకే ఉందనుకున్నా.”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. “నన్ను క్షమించండి పిన్నీ. తప్పు నాదని పెద్దసారుకి నేనే చెబుతాను.”

“మరి మెషీను?”

“అది డ్రమ్ములోకి తొంగి చూస్తుందా?”

పిన్ని డ్రమ్మును సింకులోకి ఒంచింది. డాక్టరమ్మ కోటు చేతులు పైకి మడిచి బ్రష్షు అందుకోబోయింది.

“వద్దమ్మా, మీరు నీళ్ళు చూపించి పెట్టేస్తారు.”